మేనేజరుని అడగండి

జూన్ 8, ఆదివారం

డాక్టరమ్మకు,

బస్సు ఎక్కేముందు, "ఆ రోజు ఏం జరిగిందో ఎప్పుడైనా రాయండి బావగారూ" అన్నావు. ఇప్పుడు రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. అంతకు మించి నా వల్ల కాదు.

మంగళవారం. ఐదున్నరకు లేచాను. మీ అక్క అప్పటికే కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో పిల్లి. ఆమె కూనిరాగం తీస్తోంది. ఏ పాటా కాదు. రెండు స్వరాల మధ్య అటూ ఇటూ తిరిగే ఆ రాగం నీకూ తెలుసు. టీ పెట్టి ఇచ్చాను. సగం తాగి కప్పు కిటికీలో పెట్టింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"మేనేజరుని అడగండి," అంది.

పిల్లికి ఆ పేరు పెట్టింది ఆమే. ఎక్కడ పని జరుగుతుంటే అక్కడికొచ్చి కూర్చుని, అంతా చూసి, ఏమీ చెయ్యకుండా వెళ్ళిపోతుందని. చలికాలం మొదలైనప్పటి నుంచి, ఎలా ఉందని నేను అడిగితే తను జవాబు చెప్పడం మానేసి పిల్లి మీదకు తోసేది. మిల్లులో బేరింగుల మోత వినే చెక్క కడ్డీ నా జేబులో ఎప్పుడూ ఉంటుంది కదా. దాని ఒక కొస పిల్లి వీపుకి, రెండో కొస నా చెవికి ఆనించేవాణ్ణి. గురగుర వినిపిస్తే, "బండి బాగానే నడుస్తోంది" అనేవాణ్ణి. ఆమె నవ్వేది. నేను మిల్లుకి వెళ్ళేవాణ్ణి. ఆట. కానీ ముప్పై ఏళ్ళుగా మిల్లు యంత్రాల మోత విని వాటి బాగోగులు చెప్పేవాణ్ణి. ఆట అనుకుంటూనే నమ్మాను.

ఆ రోజూ విన్నాను. బాగానే నడుస్తోంది అన్నాను. ఆమె నవ్వింది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. ఆ చెయ్యి చూశాను. ఏమీ అనుకోలేదు. ఏడూ ఇరవైకి బయలుదేరాను.

పదకొండు దాటాక కింద వాటా దర్జీ మిల్లుకి ఫోను చేశాడు. పిలిస్తే పలకడం లేదన్నాడు. పన్నెండుకి ముందే ఇంటికి చేరాను. తలుపు తీసే ఉంది. ఆమె అదే కుర్చీలో ఉంది. ఒళ్ళో పిల్లి గురగురమంటోంది. ఆ మోత విని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. ఆమె బాగానే ఉందనుకున్నాను.

డాక్టరు కాగితం మీద గుండె అని రాశాడు. తక్కినది నీకు తెలుసు.

నిన్నొకటి అడగాలి. నువ్వు పశువుల డాక్టరువి. పిల్లి ఎందుకు గురగురమంటుంది? చనిపోయిన మనిషి ఒళ్ళో కూర్చుని సంతోషపడుతుందా? దాన్ని ఇంట్లో ఉంచుకోలేను. మిల్లు క్యాంటీను మనిషి ఎలుకల కోసం పిల్లి కావాలంటున్నాడు. ఇచ్చేస్తాను.

చొక్కా గుండీ ఊడింది. మీ అక్క కుట్టు పెట్టెకి తాళం ఉంది. తాళంచెవి ఎక్కడ పెట్టేదో తెలిస్తే రాయి.

బావ


జూన్ 13

బావగారికి నమస్కారం.

మీ ఉత్తరం ఆసుపత్రిలోనే చదివాను, బల్ల మీద మేకని పెట్టుకుని. మనసు ఎటో పోయింది. ఆ సందులో ఆ మేక మా రిజిస్టరులో నిన్నటి పేజీ నమిలేసింది. కాంపౌండరు, "మేడం, పోనీ నిన్నటి కేసులన్నీ దాని కడుపులో భద్రంగా ఉన్నాయి" అన్నాడు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మీ ప్రశ్నకి జవాబు. పిల్లి గురగుర ఎందుకంటుందో మాకూ పూర్తిగా తెలియదు. ఎప్పుడంటుందో తెలుసు. పుట్టిన కొద్ది రోజులకే, ఇంకా కళ్ళు కూడా తెరవకముందే కూనలు మొదలుపెడతాయి. నోరు తెరవక్కర్లేదు కాబట్టి పాలు తాగుతూనే అనగలవు. నేనిక్కడే ఉన్నాను, బాగానే ఉన్నాను అని తల్లికి తెలియడానికి అనుకుంటాం. తల్లీ అంటుంది. చెవులు సరిగా తెరుచుకోని కూనలకి అది వినిపించదు, ఒంటికి తగులుతుంది. ఆ అదురు పట్టుకునే పొట్ట దగ్గరకు పాక్కుంటూ వస్తాయి.

కడుపు నిండినప్పుడూ, ఒళ్ళో నిమురుతున్నప్పుడూ అంటుంది. అందరికీ తెలిసింది అదే. ఆకలేసినప్పుడూ అంటుంది. ఈనేటప్పుడూ అంటుంది. దెబ్బ తగిలినప్పుడూ అంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో లారీ కింద పడ్డ పిల్లిని తెచ్చారు. నడుం ఎముక విరిగింది. బల్ల మీద పడుకుని ఒకటే గురగుర. "పరవాలేదు సార్, హాయిగానే ఉంది" అన్నాను. మా పెద్ద డాక్టరు, "నీ కాలు విరిగితే నువ్వూ పాడతావేమో, విందాం" అని నలుగురిలో కడిగేశాడు. అది సంతోషం కాదు బావగారూ. తనని తాను ఊరడించుకోవడం కావచ్చు, పక్కనుండమని అడగడం కావచ్చు. ఆ అదురుకి ఎముకలు త్వరగా అతుకుతాయని కొందరంటారు. రుజువు చేసినవాళ్ళు లేరు.

అక్కా అంతే కదా. ఈ ఎనిమిది నెలలూ నొప్పి లేచినప్పుడల్లా ఆ కూనిరాగమే తీసేది. నా దగ్గరున్న నాలుగు రోజులూ గోడ అవతల నుంచి వింటూ పడుకున్నాను. మీరు రోజూ ఎలా విన్నారో అనుకునేదాన్ని.

మేనేజరు మీద కోపం పెట్టుకోకండి. చివరిదాకా అక్క ఒళ్ళో ఉన్నది అదొక్కటే.

తాళంచెవి గోడ గడియారం వెనక మేకుకి ఉంటుంది.

మీ మరదలు


జూన్ 17

మరదలికి,

ఎనిమిది నెలలు దేని గురించి రాశావు? ఏ నొప్పి?

తాళంచెవి దొరికింది. పెట్టె తెరిచాను. పైన దారపు రీళ్ళు, రంగుల వరసలో. కింద గుండీల డబ్బా. డబ్బాలో గుండీలు లేవు. మాత్రల అట్టలున్నాయి. చాలావరకు ఖాళీవి. ప్రతి అట్ట మీదా నీలం సిరాతో "ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, భరించలేకపోతే ఇంకొకటి" అని ఉంది. అది నీ రాత. పండక్కి, పబ్బానికి నువ్వు రాసే ఉత్తరాల్లో ఆ గుండ్రటి అక్షరాలు ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను.

అక్టోబరులో మీ అక్క నీ దగ్గరకు వచ్చింది. నీ కొత్త ఇల్లు చూడటానికి అన్నారు. నేనే బస్సు ఎక్కించాను. సీటు కింద సామాను సర్ది, కిటికీ దగ్గర నిలబడి, "నాలుగు రోజులు హాయిగా ఉండి రా" అన్నాను. ఇద్దరూ కలిసి నన్ను ఏం చేశారో ఇప్పుడు తెలుస్తోంది.

మరలకి కూడా ఇలాంటివి చేసేవాళ్ళుంటారు. అరిగిపోయిన బేరింగులో చిక్కటి గ్రీజు కూరి మోత వినబడకుండా చేసి అమ్ముతారు. అలాంటివాణ్ణి ఒకసారి మిల్లు గేటు దాటించి పంపాను.

పిల్లిని ఆదివారం క్యాంటీను మనిషి తీసుకెళతాడు. మంచం కింద చేరి పగలంతా గురగురమంటోంది. నాలుగు రోజులుగా పాలు ముట్టలేదు. ఆమె లేకపోయినా దాని ఆనందానికి లోటు లేదు.

జవాబు రాయి. దాచకుండా రాయి.


జూన్ 21

బావగారికి,

మీకు తెలియదా?

మీకు తెలియదన్న సంగతి నాకు తెలియదు. నమ్మండి, నమ్మకపోండి.

అక్టోబరులో ఇక్కడ పెద్ద ఆసుపత్రిలో చూపించాం. కడుపులో గడ్డ. అప్పటికే కాలేయానికి పాకింది. కోస్తే ఒక ఏడాది, కొయ్యకపోతే ఆరు నెలలు, ఏదీ గట్టిగా చెప్పలేమన్నారు. అక్క ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయింది. "ఆయనకి చెప్పకే," అంది.

"పిచ్చా నీకు? బావకి చెప్పకపోవడమేంటి?"

"చెబితే నన్ను విప్పేస్తారే. అత్తయ్యని విప్పినట్టు."

నేను ఒప్పుకోలేదు. చెప్పకపోతే నేనే వచ్చి చెబుతానని బెదిరించాను. బస్సు ఎక్కేదాకా గొడవ పడ్డాం. నవంబరులో ఉత్తరం రాసింది. దాన్ని దీనితో పంపుతున్నాను. మీరే చదువుకోండి. "బావకి చెప్పేశానే. విన్నారు. చొక్కా తొడుక్కుని మిల్లుకి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయన పద్ధతి అంతే. నువ్వూ ఎప్పుడూ ఎత్తకు, తట్టుకోలేరు."

నేను ఎత్తలేదు. మాత్రలు కుట్టు పెట్టెలో ఉంటాయి, మీ ఎదుట పడెయ్యడం ఇష్టం లేదు అని అక్క అంటే, నిజమే కాబోలనుకున్నాను. మీరు ప్రతి నెలా "మీ అక్క హుషారుగా ఉంది, రోజంతా ఏదో పాడుతూనే ఉంటుంది" అని రాసేవారు. ఆ ఉత్తరాలు చదివి నాకు ఒళ్ళు మండిపోయేది. పెళ్ళాం చచ్చిపోతుంటే ఈ మనిషి పాట వింటున్నాడు, ఇదేం గుండె, మిల్లులో పోతపోసిందా అనుకునేదాన్ని. నెల క్రితం మీ ఇంట్లో ఆ వారం రోజులూ మీ మొహం చూడలేకపోయాను, గమనించారో లేదో. బస్సు దగ్గర "రాయండి" అన్నది కూడా కోపంతోనే. ఆ రోజైనా పక్కన ఎందుకు లేరో మీ చేతే చెప్పిద్దామని.

నన్ను గ్రీజు కూరేవాడితో పోల్చారు. అక్క నన్నూ మోసం చేసింది బావగారూ. మీకో మాట చెప్పి, నాకో మాట చెప్పి, మధ్యలో తను కూర్చుంది. ఇద్దరం ఒకళ్ళ దగ్గర ఒకళ్ళం నోరెత్తకుండా చూసుకుంది. మనం ఒక్కసారి, ఒక్క ఉత్తరంలో సూటిగా అడిగి ఉంటే తెలిసిపోయేది. మనం అడగబోమని తనకి తెలుసు.

ఇంక రాయలేను.

మీ మరదలు


జూన్ 23

బావగారికి,

ఇది చీటీ మాత్రమే. మొన్న మన గోలలో పడి అసలు మాట రాయడం మరిచాను. డాక్టరునై ఉండీ. మీ ఉత్తరం మళ్ళీ చదువుతుంటే ఇప్పుడు కంటపడింది.

పిల్లిని ఎవరికీ ఇవ్వకండి. తిండి మాని, మంచం కింద దూరి, పగలంతా గురగురమనే పిల్లి ఆనందంగా ఉన్నట్టు కాదు. దానికెక్కడో బాగా నొప్పిగా ఉంది. నోట్లోనో కడుపులోనో. ఆలస్యం చెయ్యకుండా ఎవరికైనా చూపించండి, లేదా నా దగ్గరకు తీసుకురండి.


జూన్ 24

మరదలికి,

నీ 21వ తేదీ ఉత్తరం ఇవాళ అందింది. ఆమె నవంబరు ఉత్తరమూ చూశాను.

రాత ఆమెదే. ఒక్క కొట్టివేత లేదు. పాలవాడికి రాసే చీటీలో కూడా రెండు కొట్టివేతలు లేకుండా మీ అక్క రాయలేదు. అంటే దీన్ని ముందు చిత్తుగా రాసుకుని, దిద్దుకుని, మంచి కాగితం మీద ఎక్కించింది. నేను విని చొక్కా తొడుక్కున్నానని కూడా రాసింది. ఏ చొక్కా? ఏ రోజు? నేను చెయ్యని పనిని నేను చేసినట్టే రాసింది. చదివితే నేనే నమ్మేటట్టు ఉంది. అదే నాకు పట్టుకుంది. ఆ మాట నాకు చెప్పి ఉంటే నిజంగానే చొక్కా తొడుక్కుని ఉండేవాణ్ణి. మిల్లుకి కాదు, ఆసుపత్రికి.

గ్రీజు మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది నీకు రాయాల్సింది కాదు.

మా అమ్మ సంగతి ఎత్తావు కాబట్టి రాస్తున్నాను. ఒక్క ఏడాదిలో మూడు ఆసుపత్రులు తిప్పాను. నాలుగు ఆపరేషన్లకి సంతకం పెట్టాను. నాలుగోదానికి ముందు అమ్మ, "ఇంటికి తీసుకుపో నాయనా, ఇంక చాలు" అంది. ముక్కులో గొట్టం ఉంది, మాట సరిగా రాలేదు. నాకు అర్థమైంది. అర్థం కానట్టు ఊరుకున్నాను. అమ్మ చెయ్యి పట్టుకుని పక్కన నిలబడింది మీ అక్క. ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. పద్నాలుగేళ్ళు అనలేదు. మనసులో రాసిపెట్టుకుంది.

నాకు చెప్పి ఉంటే కొయ్యకుండా ఉంచేవాడినా? నీ ఉత్తరం చదివినప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. ఉంచేవాణ్ణి కాదు. ఆమెకి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు.

అయినా చెప్పాల్సింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. కాదు, కొయ్యనివ్వను అని నా మొహం మీద అని ఉండొచ్చు. పోట్లాడి ఉండొచ్చు. అలా కాకుండా ఒక పిల్లిని మధ్యలో పెట్టింది. ఎనిమిది నెలలు రోజూ పొద్దున నేను వెర్రివాడిలా కడ్డీ చెవికి పెట్టుకుని పిల్లిని వింటుంటే చూస్తూ కూర్చుంది. నవ్వింది కూడా. పిల్లికి కాకుండా ఆమె వీపుకి కడ్డీ ఆనించి ఉంటే తెలిసేదేమో. ఆనించనివ్వలేదు.

పిల్లి ఆదివారం వెళ్ళిపోయింది. గోనె సంచిలో పెట్టి తీసుకెళ్ళాడు. సంచిలోంచి కూడా గురగురమంటూనే ఉంది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అలాగే ఉండాలనుకున్నాను. నువ్వు కొన్నాళ్ళు ఉత్తరాలు రాయకు.

బావ


జూన్ 27, శుక్రవారం

మరదలికి,

రాయవద్దని నేనే అన్నాను. మళ్ళీ నేనే రాస్తున్నాను.

నీ చీటీ ఇవాళ మధ్యాహ్నం అందింది. అప్పటికే పిల్లి ఇంట్లో ఉంది. నిన్న తెచ్చాను.

నిన్న మధ్యాహ్నం క్యాంటీనుకి టీ తాగడానికి వెళ్ళాను. పిల్లి గురించి అడగకూడదని అనుకుంటూనే వెళ్ళాను. క్యాంటీను మనిషే ఎత్తాడు.

"సార్, మీ మేనేజరు మహా సోమరి సార్. ఎలుక ముందు నుంచి పోతున్నా లేవదు. బియ్యం బస్తాల వెనకాల దూరింది."

"తింటోందా?"

"తిండా! దానికి తిండితో పని లేద్సార్. పొద్దస్తమానం గురగురలాడుతూ హాయిగా ఉంది. ఇంత సుఖంగా ఉన్న ప్రాణిని నేను చూళ్ళేదు."

వాడి నోట్లో అవి నా మాటలు. ఆ నెలనెలా ఉత్తరాల్లో నీకు రాసినవి. హుషారుగా ఉంది, రోజంతా పాడుతూనే ఉంటుంది. టీ గ్లాసు అక్కడే పెట్టేసి బస్తాలు జరిపాను. వాడు, "సార్, సార్, బియ్యం కారిపోతాయి, నేను తీస్తానుండండి" అంటున్నాడు. నేనే తీశాను.

గోడకి ఆనుకుని ముడుచుకుని ఉంది. ఒళ్ళు సగమైంది. ఎడమ దవడ కింద నిమ్మకాయంత వాపు. చెయ్యి పెడితే కరవలేదు. గురగుర ఇంకా పెద్దదయింది. అలవాటుకొద్దీ కడ్డీ తీసి వీపుకి ఆనించి విన్నాను. పెద్దదవడం తప్ప మోతలో ఏ తేడా లేదు. ఎప్పుడూ వినేదే, సాఫీగా, ఎక్కడా తెగకుండా. మరలో అయితే పాడైన రోజున మోత మారుతుంది. ఇందులో మారదు. ముప్పై ఏళ్ళ నా విద్య ఒక పిల్లి ముందు పనికిరాలేదు. ఆమె ముందు పనికిరాలేదు.

చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. క్యాంటీను మనిషి గేటు దాకా వచ్చి, "ఇచ్చినట్టే ఇచ్చి పట్టుకుపోతున్నారు, ఏం మనిషి సార్ మీరు" అన్నాడు. నిజమే.

పాలల్లో దూది ముంచి నోటి పక్కన పిండితే రెండు చుక్కలు మింగింది. కుర్చీలో కూర్చున్నాను. ఆమె కుర్చీలో. ఈ నెల రోజుల్లో అందులో కూర్చోవడం ఇదే మొదలు. పిల్లి ఒళ్ళో ఉంది. కుర్చీ చేతి మీద, ఆమె పట్టుకునే చోట, వార్నిషు పోయి కర్ర తెల్లబడింది. నాలుగు వేళ్ళ మేర. ఒక్క రోజు పట్టుకుంటే అంత అరగదు. అరిగిన భాగం చూసి లోపల ఏం జరిగిందో చెప్పడం నా ఉద్యోగం. రోజూ ఆ కుర్చీ పక్కనుంచే నడిచాను.

ఆమె మీద కోపం పోలేదు. పోతుందో లేదో తెలియదు. పోయిందని నీకు రాయను. మన ఇద్దరి మధ్య ఇంక దాపరికాలు వద్దు. నువ్వు నా మీద ఎనిమిది నెలలు పెట్టుకున్న కోపం ఇంకా మిగిలి ఉంటే అదీ నా ఎదురుగా చూపించు. బస్సు దగ్గర కాదు, ఉత్తరంలో కాదు.

రేపు పొద్దున ఆరు గంటల బస్సుకి బయలుదేరుతున్నాను. ఈ ఉత్తరం నేను చేరాక నీకు అందుతుంది. అయినా రాస్తున్నాను, ఇవి నోటితో చెప్పలేను కాబట్టి. పిల్లిని మార్కెట్టు బుట్టలో, మీ అక్క పాత శాలువా వేసి పెడతాను. బుట్ట ఒళ్ళోనే పెట్టుకుంటాను. నువ్వు దాన్ని చూసి, ఏముందో నా మొహం చూసి చెప్పు. కోస్తే బతుకుతుందంటే కొయ్యి. కోసినా లాభం లేదంటే ఆ మాట చెప్పు, కోయించను. ఇంటికి తీసుకొచ్చేస్తాను.

దారి పొడుగునా అది గురగురమంటూనే ఉంటుంది. బస్సులో పక్కనున్నవాళ్ళు, పాపం ఎంత హాయిగా ఉందో అంటారు. కాదని చెబుతాను.

బావ